చదివి వినిపించిన ఇళ్లు

1980ల్లో మా గల్లీకి సౌదీ నుంచి ఉత్తరం వస్తే అది ఒక్క ఇంటి ఉత్తరం కాదు. పోస్టుమ్యాన్ సైకిలు మలుపు తిరగకముందే నలుగురైదుగురు ఆడవాళ్లు బీడీల చాటలు పట్టుకుని మా అరుగు మీదికి చేరేవాళ్లు. చదివేది మా నానీమా. చుట్టూ మేం, పన్నెండు పదమూడేళ్ల పిల్లలం. తెలుగు మీడియం బడికి పోయేవాళ్లం. ఉర్దూ మా నోట్లో ఉంది, చెవిలో ఉంది, కంట్లో లేదు. మసీదులో ఖురాన్ నాజ్రా పూర్తి చేశాం కాబట్టి అక్షరాలు తెలుసు. కానీ జేర్, జబర్, పేష్ గుర్తులు లేకుండా పరుగెత్తే ఉర్దూ చేతిరాత ముందు మేం నిరక్షరాస్యులమే.

ఉత్తరం చదువుతూ నానీమా ఒక్కోచోట ఆగేది. గొంతు సవరించుకుని తర్వాతి వాక్యానికి పోయేది. మధ్యలో ఏదో మింగేసిందని మాకు తెలిసేది. జీతం రాలేదన్న మాట కావచ్చు, రోగం సంగతి కావచ్చు. వినేవాళ్ల మొహం చూసి చదవడం ఆమెకు తెలుసు.

ఉత్తరం అయ్యాక ఆమె ట్రంకుపెట్టె లోంచి పుస్తకం తీసేది. రోజుకు ఒక అధ్యాయం. మేం పదో తరగతికి వచ్చేదాకా అది సాగింది. "ఇంత పెద్ద పిల్లలకు ఇంకా చదివి వినిపించడమేంటి?" అని ఎవరూ అడగలేదు. ఈరోజు అడుగుతున్నారు. పిల్లకు చదవడం వస్తే చాలు, ఇక మన పని అయిపోయిందనుకుంటున్నాం. మన చరిత్ర అలా చెప్పడం లేదు.

610లో హిరా గుహలో దిగిన మొదటి మాట 'ఇఖ్రా'. చదువు అని దాని అర్థం. పైకి వినిపించేలా పఠించు అని కూడా అర్థం. ఆ భాషలో ఆ రెండూ వేరు కాదు. మన దక్కన్‌లో దఖ్నీ పుట్టి పెరిగింది కూడా నోటి మీదే. సూఫీల బోధనలు చక్కీనామాలై తిరగలి తిప్పే ఆడవాళ్ల గొంతుల్లోకి చేరాయి. గోలకొండలో అబ్దుల్లా కుతుబ్‌షా కాలంలో, 1635లో, ముల్లా వజ్హీ 'సబ్ రస్' రాశాడు. ఉర్దూ వచనానికి తొలి మెట్లలో అదొకటి. అందులోని వాక్యాలు ప్రాసలతో నడుస్తాయి. చెవికోసం రాసిన వచనమది.

తర్వాత దాస్తాన్లు. అమీర్ హంజా కథల్ని లక్నోలో మున్షీ నవల్ కిషోర్ ప్రెస్ 46 సంపుటాలుగా అచ్చేసింది. ఆ ప్రెస్సు యజమాని హిందువు. రాసినవాళ్లు దాస్తాన్ చెప్పి బతికిన ముస్లింలు. అచ్చుకాకముందు ఆ కథలు రాత్రుళ్ల తరబడి పెద్దలూ పిల్లలూ కలిసి విన్నవే. ఢిల్లీలో చివరి దాస్తాన్‌గోగా పేరుపడ్డ మీర్ బాకర్ అలీ 1928లో చనిపోవడంతో ఆ వృత్తి దాదాపు అంతరించింది. 2005 నుంచి కొందరు దాన్ని మళ్లీ వేదిక ఎక్కించారు.

ఇక ఆడపిల్లల సంగతి. 19వ శతాబ్దపు పరువుగల ఇళ్లలో చాలామంది అమ్మాయిలకు చదవడం నేర్పేవాళ్లు, రాయడం నేర్పేవాళ్లు కాదు. రాయడం వస్తే ఎవరికి ఉత్తరాలు రాస్తారోనని భయం! అలాంటి కాలంలో డిప్యూటీ నజీర్ అహ్మద్ తన కూతుళ్లు చదువుకోవడానికి 'మిరాతుల్ ఉరూస్' రాశాడు. 1869లో అది అచ్చయింది, ప్రభుత్వ బహుమతి పొందింది. ఆయనే 1877లో సాలార్‌జంగ్ పిలుపు మీద హైదరాబాద్ వచ్చి కొన్నేళ్లు కొలువు చేశాడు. మా నానీమా ట్రంకులో ఉన్నది ఆ పుస్తకమే. అక్బరీ మొండితనానికి నవ్వేవాళ్లం. అస్గరీ మంచితనానికి విసుక్కునేవాళ్లం. "ఇల్లు దిద్దుకోవడమేనా ఆడపిల్ల పని?" అని మాలో ఒక అక్క అడిగితే నానీమా పుస్తకం మూసి గంటసేపు వాదించింది. ఒంటరిగా మౌనంగా చదువుకుంటే ఆ వాదన పుట్టేదా?

తెలుగు ఇళ్లు ఇందుకు భిన్నమేం కాదు. పురాణ కాలక్షేపం ఉండేది. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలు ఒకరు చదివితే పదిమంది వినేవాళ్లు. రచ్చబండ మీద పేపరు చదివే మనిషికి ఊళ్లో ఒక గౌరవం ఉండేది. పీర్ల పండుగ రాత్రుళ్లు హసన్ హుసేన్ల కథను తెలుగులో పాడినవాళ్లలో ముస్లింల కన్నా మాల, మాదిగ, గౌడ, మంగలి కులాలవాళ్లే ఎక్కువ ఉన్న ఊళ్లు మాకు తెలుసు. చందమామ ఇంటికొస్తే మేం తెలుగులో చదివేవాళ్లం, నానీమా వినేది. ఆమెకు తెలుగు అక్షరాలు రావు. విక్రమార్కుడి భుజం మీది శవం మాట్లాడగానే "తౌబా!" అనేది. పొద్దున మేం ఆమెకు చదివి వినిపిస్తే, రాత్రి ఆమె మాకు వినిపించేది. రెండు లిపుల మధ్య మా ఇల్లు అలా నడిచింది.

ఈ చీలిక ఎక్కడిది? నిజాం రాజ్యంలో పై చదువులు ఉర్దూలో సాగాయి. 1918లో ఉస్మానియా ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. ఒక దేశభాషలో విశ్వవిద్యాలయం నడపడం గొప్ప విషయమే. కానీ తెలుగు పిల్లవాడికి అది అమ్మభాష కాదు. ఆ అన్యాయాన్ని ఒప్పుకోకుండా మేం ఒక్క మాట మాట్లాడినా అబద్ధమవుతుంది. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1926లో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక పుట్టింది ఆ బాధలోంచే. 1948 తర్వాత బండి తిరగబడింది. ఉర్దూ కొలువులు పోయాయి, బడులు తగ్గాయి, కూటికోసం పిల్లలు తెలుగులోకి, ఇంగ్లీషులోకి మారారు. 2017లో తెలంగాణ, 2022లో ఆంధ్రప్రదేశ్ ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేశాయి. కాగితం మీద హోదా వచ్చింది. ఆ కాగితం చదవలేని పిల్లలు మన ఇళ్లలో పెరుగుతున్నారు.

'మన ఇళ్లు' అన్నా అవన్నీ ఒకటి కాదు. దూదేకుల ఇళ్లలో తెలుగే అమ్మభాష. పోగొట్టుకోవడానికి వాళ్లకు ఉర్దూ లేదు. వాళ్ల లోటు వేరు. తమ బతుకు కనిపించే పుస్తకం తెలుగులో లేకపోవడం. 1998లో 'జల్‌జలా' కవితలు, 2004లో 'వతన్' కథలు వచ్చాక ఆ లోటు కొంత తీరింది. ఇప్పుడు చదివి వినిపించడానికి మన చేతిలో తెలుగు పుస్తకాలున్నాయి. వినిపించే గొంతే లేదు.

మా పిల్లల చదువు రెండు ముక్కలైంది. నాజ్రాలో గొంతు ఉంది, అర్థం లేదు. బడిలో అర్థం ఉంది, గొంతు లేదు. ఆమీన్ దావత్ అయిపోయిన పదకొండేళ్ల పిల్లకు ఆ తర్వాత ఎవరూ ఏమీ చదివి వినిపించరు. సరిగ్గా అప్పుడే ఆమెకు అది ఎక్కువ అవసరం. అమెరికాలో జిమ్ ట్రెలీజ్ అనే ఆయన 1980ల నుంచి ఈ సంగతే చెప్పాడు. పిల్లలు చదివి అర్థం చేసుకునే స్థాయి, విని అర్థం చేసుకునే స్థాయిని అందుకోవడానికి దాదాపు ఎనిమిదో తరగతి దాకా పడుతుందని. అంటే చెవి ముందు నడుస్తుంది, కన్ను వెనక వస్తుంది. లిపి రాని పిల్లలకైతే కన్ను ఇంకా వెనకే. వాళ్లకు చెవి ఒక్కటే తలుపు. పైకి చదివిన మాట మౌనంగా చదివిన మాటకన్నా బాగా గుర్తుంటుందని కెనడాలో వాటర్లూ విశ్వవిద్యాలయం వాళ్లు 2010లో ప్రయోగాలతో చూపించారు. హాఫిజ్‌లను తయారుచేసే మదర్సాలకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు.

అయితే అసలు లాభం జ్ఞాపకం కాదు. పద్నాలుగేళ్ల పిల్లవాడు ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే ఏమీ చెప్పడు. ఇద్దరూ ఒక పుస్తకం వైపు చూస్తున్నప్పుడు నోరు విప్పుతాడు.

మాకు 1948 గురించి ఎవరూ చెప్పలేదు. అప్పటికి నానీమాకు పద్దెనిమిదేళ్లు. ఉత్తరంలో వాక్యం మింగినట్టు ఆ ఏడాదినీ మింగేసింది. తర్వాత సుందర్‌లాల్ కమిటీ నివేదిక సంగతి తెలిసింది. పోలీసు చర్య సమయంలో, ఆ తర్వాత 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని దాని అంచనా. దశాబ్దాలపాటు మూసిపెట్టిన ఆ నివేదిక 2013లో జనానికి అందుబాటులోకి వచ్చింది. మా ఇంట్లో పదిహేనేళ్ల పిల్ల ఫోన్‌లో అందులోని ఆ ఒక్క అంకె చూసి వచ్చి, "నిజమేనా?" అని అడిగింది. ఏం చెప్పాలి? మేం నివేదిక తీసి చదివి వినిపించాం. ఉర్దూలోకి, తెలుగులోకి మార్చి చెబుతూ, నాలుగు రాత్రులు. అంకె దగ్గర ఆగాం. ఎక్కువ నష్టపోయిన ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు రజాకార్లకు పట్టున్న చోట్లేనన్న దగ్గరా ఆగాం. రజాకార్లు తెలుగు పల్లెల్లో చేసిందేమిటో మేమే చెప్పాం. తమ ప్రాణాలకు తెగించి ముస్లింలను కాపాడిన హిందువుల గురించి, ముఖ్యంగా తోటి నేతగాళ్లను కాపాడిన హిందూ నేతగాళ్ల గురించి అందులో ఉన్న మాటలు రెండుసార్లు చదివాం. ఫోన్‌లో ఆ పిల్లకు అంకె ఒక్కటే దొరికింది. నేతగాళ్లు దొరకలేదు.

కొన్ని వాక్యాలు మింగేయాలని మాకూ అనిపించింది. మింగలేదు. మూడో రాత్రి పిల్ల ఏడ్చింది. నాలుగో రాత్రి, "ఇక నేను చదువుతాను, మీరు వినండి" అంది.

ఇషా నమాజు తర్వాత అరగంట చాలు. ఉర్దూ వచ్చిన దాదీలు, నానీలు ఇంకా కొందరు మిగిలే ఉన్నారు. వాళ్ల ముందు ఒక పుస్తకం పెట్టండి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టండి, ఎంత పెద్దవాళ్లయినా సరే.