ఆట మీటలు ఎవరి చేతిలో

‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’ రెండో భాగం 1999లో కంప్యూటర్ల మీదికి వచ్చింది. దానితోపాటే సీనారియో ఎడిటర్ అనే పనిముట్టు కూడా వచ్చింది. కంపెనీ ఇచ్చిన యుద్ధాలే ఆడాలన్న నియమం లేదు. నేలను, నీళ్లను, కోటలను, సైన్యాలను నచ్చినట్టు పేర్చుకుని మన యుద్ధం మనమే ఆడుకోవచ్చు. రాయచూరు కుర్రాడెవడైనా తలుచుకుంటే ఉత్తరాన కృష్ణను, దక్షిణాన తుంగభద్రను పారించి, నడుమ అంతర్వేదిని పరిచి, కాకతీయుల కాలంలో 1294లో కట్టిన కోటను అక్కడ నిలబెట్టవచ్చు. 1520లో ఇస్మాయిల్ ఆదిల్‌షా మీదికి కృష్ణదేవరాయలు నడిపిన దండును దాని ముందు దించవచ్చు. ఒక్కటే లోటు. ఆ ఆటలో భారతీయులు లేరు. ఏనుగుల దళం ఉండేది గాని, అది పర్షియన్లది.

ఆ లోటు మొదట కంపెనీకి పట్టలేదు, అభిమానులకు పట్టింది. పదమూడేళ్లుగా ఆటను వదలకుండా ఆడుతున్నవాళ్లు 2012 చివర్లో ‘ఫర్గాటెన్ ఎంపైర్స్’ పేరుతో సొంతంగా ఒక చేర్పు తయారుచేసి ఉచితంగా పంచారు. అందులో భారతీయులున్నారు. మరుసటి ఏడాది నవంబరులో అదే చేర్పు ‘ది ఫర్గాటెన్’ అనే పేరుతో అధికారికంగా బజారుకొచ్చింది. 2022 ఏప్రిల్‌లో ఇంకో విస్తరణ వచ్చి ఆ ఒక్క జాతినీ నాలుగు చేసింది. దక్షిణాది రాజ్యాలకు ద్రావిడులన్న పేరుతో వేరే దళాలు, వేరే ఓడలు అమరాయి. ఇదే ఆటకు 2001లో ప్లేస్టేషన్-2 డిస్కు కూడా వచ్చింది. ఆ డిస్కులో ఏది అచ్చయిందో అదే చివరిదాకా మిగిలింది.

ఒకే ఆట, రెండు పెట్టెలు, రెండు తలరాతలు. ఎందుకిలా అయిందో తెలియాలంటే ఆటల పుట్టుక దగ్గరికే పోవాలి.

1962. అమెరికాలో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ. పీడీపీ-1 అనే కంప్యూటర్ మీద స్టీవ్ రస్సెల్ ‘స్పేస్‌వార్’ రాశాడు. రెండు అంతరిక్ష నౌకలు ఒకదాన్నొకటి కాల్చుకునే ఆట. రాసిన కోడ్ ఎవరి సొత్తూ కాదు, సొరుగులో ఉండేది, కావలసినవాళ్లు తీసుకునేవాళ్లు. వెనకాల చుక్కలు నిజం ఆకాశంలో ఉన్నట్టు లేవని పీటర్ శాంసన్‌కు నచ్చలేదు. అసలు నక్షత్ర పటాన్ని తెచ్చి ఆటలో కలిపాడు. డాన్ ఎడ్వర్డ్స్ నడిమి నక్షత్రానికి ఆకర్షణ శక్తి పెట్టాడు. మార్టిన్ గ్రేట్జ్ ఆపదలో మాయమై ఇంకోచోట తేలే వీలు చేర్చాడు. కంప్యూటర్ ముందు పలక మీది స్విచ్చులు నొక్కీ నొక్కీ మోచేతులు నొప్పెడుతుంటే అలన్ కోటాక్, బాబ్ సాండర్స్ కలిసి చెక్క, మీటలు, తీగలతో విడిగా రెండు పెట్టెలు తయారుచేశారు. ఇప్పుడు పిల్లలు పట్టుకునే కంట్రోలర్లకు అవే పూర్వీకులు.

నాకు ఈ కథలో అన్నిటికన్నా విలువైనది ఇదే. ఆడేవాడు, రాసేవాడు, మార్చేవాడు, మీట బిగించేవాడు అందరూ ఒకే గదిలో ఒకే మనుషులు. ఆటను మార్చుకునే హక్కు ఎవరో తర్వాత దయతలచి ఇచ్చింది కాదు, అది ఆటతోపాటే పుట్టింది. పదేళ్ల తర్వాత ఆట అమ్మకపు సరుకైనప్పుడు ఆ మనుషులు విడిపోయారు.

1972లో రాల్ఫ్ బేర్ ఆలోచనల నుంచి పుట్టిన మ్యాగ్నవాక్స్ ఒడిస్సీ ఇంటి టీవీకి తగిలించే మొదటి కన్సోల్. 1976లో ఫెయిర్‌చైల్డ్ ఛానల్ ఎఫ్‌తో మార్చుకునే క్యాసెట్లు వచ్చాయి. ఆ పని నడిపిన ఇంజనీరు జెర్రీ లాసన్. మరుసటి ఏడాది వచ్చిన అటారీ యంత్రం ఒంటి మీదే కష్టం తగ్గించే, పెంచే స్విచ్చులు ఉండేవి, ఒక్కో ఆటగాడికి ఒక్కోటి. ఇంట్లో తమ్ముడికి తేలిక, అన్నకు కష్టం అని పెట్టుకుని ఆడొచ్చు. ఇంత మంచి ఏర్పాటును తర్వాతి యంత్రాలు ఎందుకు వదిలేశాయో అనిపిస్తుంది.

1983 వచ్చేసరికి అమెరికాలో నాసిరకం ఆటలు గుట్టలుగా పడి వ్యాపారం కుప్పకూలింది. రెండేళ్లకు నింటెండో అక్కడ అడుగుపెడుతూ యంత్రంలోపల ఒక తాళం పెట్టుకుని వచ్చింది. 10ఎన్ఈఎస్ అనే చిన్న చిప్. క్యాసెట్‌లో దాని జోడీ చిప్ లేకపోతే యంత్రం ఆట ఆడనివ్వదు. కంపెనీ ఒప్పుకున్న ఆటే లోపలికి వెళ్తుంది, ఒప్పుకోలుకు రుసుము ఉంటుంది. దీన్ని ఉత్త దురాశ అనలేం. చెత్త ఆటలు కొని మోసపోయిన జనానికి ఒక భరోసా కావాలి. యంత్రాలన్నీ ఒకేలా ఉంటే ఆట రాసేవాడికీ పని తేలిక: ఒకచోట నడిస్తే అన్నిచోట్లా నడుస్తుంది. కొన్నవాడు డబ్బా తెరిచి, తీగ తగిలించి, ఆడుకుంటాడు. ఆ సుఖానికి కట్టిన వెల, లోపల చెయ్యిపెట్టే హక్కు.

మా రాయచూరు వైపు మాత్రం ఆ తాళం రానే లేదు. తుంగభద్ర ఎడమగట్టు కాలువ కింద సింధనూరు, మాన్వి ప్రాంతాల్లో కోస్తా నుంచి వచ్చిన తెలుగు రైతులు కట్టుకున్న క్యాంపుల్లోనైనా, రాయచూరు పేటలోనైనా పిల్లలు ‘టీవీ గేమ్’ అన్నది నింటెండో జపాన్ యంత్రమైన ఫామికామ్ నకళ్లను. జపాన్ ఫామికామ్‌లో అసలు తాళం చిప్ లేదు, కాబట్టి దాని నకళ్లలోనూ లేదు. మీడియా, లిటిల్ మాస్టర్ అన్న పేర్లతో దేశమంతా అమ్ముడైనవి ఈ జాతివే. ఏ సంతలో కొన్న క్యాసెట్ అయినా పడుతుంది. కంట్రోలర్‌ను రిమోట్ అనేవాళ్లు. దాని మీద అసలు కంపెనీ మొదట పెట్టని టర్బో మీటలు రెండు అదనంగా ఉండేవి, నొక్కిపట్టుకుంటే తూటాలు వాటంతటవే వరసగా పోతాయి. ‘కాంట్రా’ ఆడినవాళ్లకు ఆ మీటల విలువ తెలుసు.

ఆ ‘కాంట్రా’కే ఒక మంత్రం ఉంది. పైకి రెండుసార్లు, కిందికి రెండుసార్లు, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఏ. మూడు ప్రాణాలు ముప్ఫై అవుతాయి. కొనామి కంపెనీలో కజుహిసా హషిమోటో 1986లో ‘గ్రేడియస్’ అనే ఆటను పరీక్షించేటప్పుడు అది తనకే మరీ కష్టంగా ఉందని పెట్టుకున్న దొడ్డిదారి అది. విడుదలకు ముందు తీసేయడం మరిచారు, లోకమంతా పాకింది. మూసిన పెట్టెలో ఆటగాడికి దొరికిన కిటికీ అంతమాత్రమే. ఇంగ్లండ్‌లో కోడ్‌మాస్టర్స్ వాళ్లు ఆ కిటికీని పెద్దది చేయాలని 1990లో ‘గేమ్ జీనీ’ తెచ్చారు. క్యాసెట్‌కూ యంత్రానికీ మధ్య దూర్చితే ప్రాణాలు తరగకుండా, ఎత్తుకు ఎగిరేలా చేసుకోవచ్చు. అమెరికాలో దాన్ని అమ్మిన గలూబ్ కంపెనీతో నింటెండో కోర్టులో తలపడి 1992లో అప్పీలులోనూ ఓడింది. కొన్న ఆటను ఇంట్లో తన ఇష్టప్రకారం ఆడుకోవడం కొన్నవాడి వ్యవహారమని తేలింది. ఆటగాళ్ల చరిత్రలో ఆ తీర్పుకు దక్కాల్సినంత పేరు దక్కలేదు.

మాకింకో చిక్కు ఉండేది. శక్తినగర్ థర్మల్ కేంద్రం మొదటి యూనిట్ 1985లోనే మొదలైంది. పొగగొట్టాలు జిల్లాలోనే ఉన్నా కరెంటు కోతలు మాత్రం తప్పలేదు. నకలు యంత్రాల్లో నడిచే ఆటలు చాలామటుకు ఎక్కడిదాకా వచ్చామో దాచుకోవు. కరెంటు పోయిందంటే ఏడో మెట్టు మీదున్నవాడు మళ్లీ ఒకటో మెట్టు నుంచి ఎక్కాలి. ఈ ఆటలే కంప్యూటర్ మీద ఎలా మారిపోయాయో చూడండి. 1997లో ఆ యంత్రాన్ని కంప్యూటర్లో అనుకరించే ‘నెస్టికిల్’ అనే ఎమ్యులేటర్ వచ్చింది. అదే ‘కాంట్రా’, అవే బొమ్మలు. కాని ఏ మీట ఏ పని చేయాలో ఆడేవాడే నిర్ణయిస్తాడు. దూకబోయే ముందు క్షణంలోనే ఆటను దాచుకుని, పడిపోతే ఆ క్షణానికే తిరిగి వెళ్తాడు. కన్సోల్‌కూ కంప్యూటర్‌కూ తేడా ఏమిటంటే నేను ఈ ఒక్క ఉదాహరణే చూపిస్తాను.

కంప్యూటర్ వైపు ఆ స్పేస్‌వార్ గది తలుపు మూతపడలేదు. 1993 డిసెంబరు 10న ‘డూమ్’ వచ్చింది. జాన్ కార్మాక్ ఆట నడిపే ఇంజన్ను ఒకవైపు, పటాలు, బొమ్మలు, చప్పుళ్లను వాడ్ అనే ఫైళ్లలో ఇంకోవైపు కావాలనే విడదీసి పెట్టాడు, మార్చదలిచినవాళ్లకు సులువు కావాలని. 1997లో కోడ్‌నే బయటపెట్టాడు. అంతకు ముందు ఏడాది వచ్చిన ‘క్వేక్’లో ఆటలోపలే చిన్న ఆజ్ఞలు రాసి ఏ మీటకు ఏ పనైనా అతికించవచ్చు. అసలు అమరికలో నడక బాణపు గుర్తుల మీద ఉండేది. మౌస్‌తో చుట్టూ చూడాలంటే ఆటగాడే ఆజ్ఞ టైపు చేసుకోవాలి. డెన్నిస్ ఫాంగ్ అనే కుర్రాడు ఎడమచేతి వేళ్లను డబ్ల్యూ, ఏ, ఎస్, డీ మీటల మీదికి తెచ్చుకుని, కుడిచేతిని మౌస్‌కు వదిలి, 1997లో పోటీ గెలిచి, జాన్ కార్మాక్ సొంత ఫెరారీ కారును బహుమతిగా పట్టుకెళ్లాడు. జనమంతా ఆ అమరికను పట్టుకున్నారు. మరుసటి ఏడాది ‘హాఫ్-లైఫ్’ దాన్నే అసలు అమరికగా పెట్టింది. ఇవాళ కంప్యూటర్ ఆట ఏది తెరిచినా వేళ్లు వెతుక్కోకుండా అక్కడికే పోతున్నాయంటే, అది ఏ కంపెనీ గదిలోనో తీసుకున్న నిర్ణయం కాదు.

‘హాఫ్-లైఫ్’ మీదే మిన్ లే, జెస్ క్లిఫ్ అనే ఇద్దరు 1999లో ‘కౌంటర్-స్ట్రైక్’ మలిచారు. 2000లో ‘హాఫ్-లైఫ్’ కంపెనీ వాల్వ్ దాన్ని కొని సొంత ఆటగా అమ్మింది. మన ఊళ్ల నెట్ సెంటర్లలో గంటకింత ఇచ్చి, వరసగా కూర్చుని, కేకలు వేస్తూ ఆడింది దాన్నే. ఏ కుర్చీ దొరికితే ఆ కుర్చీ, కాబట్టి మౌస్ వేగం, మీటల అమరిక ముందు కూర్చున్నవాడివి ఉంటాయి. పట్టుదల ఉన్నవాడు తన కాన్ఫిగ్ ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లో వెంట తెచ్చుకుని అతికించుకునేవాడు. నోట్‌ప్యాడ్‌లో ఆ ఫైల్ తెరిచి ఒక్కో వరస మార్చి చూడటంతోనే కోడ్ అంటే భయం పోయినవాళ్లున్నారు.

కన్సోళ్లు ఈ కాలంలో ఏంచేశాయి? 1997లో నింటెండో 64 మీద వచ్చిన ‘గోల్డెన్‌ఐ’ ఎనిమిది రకాల అమరికలు ఇచ్చింది, ఒక్కోదానికి జేమ్స్ బాండ్ కథల్లోని ఒక్కో నాయిక పేరు. ఎనిమిదిలో ఒకటి ఎంచుకో, అంతే. తొమ్మిదోది నువ్వు కల్పించుకోవడానికి వీల్లేదు. ప్లేస్టేషన్-3 మొదట్లో ధైర్యం చేసింది, లైనక్స్ ఎక్కించుకోమంది. 2010 ఏప్రిల్ 1న ఒక అప్‌డేట్‌తో ఆ వీలునే తీసేసింది. కొన్న వస్తువులోంచి కొన్న తర్వాత ఒక గుణాన్ని పీకేయడం నాకు ఈనాటికీ అన్యాయంగానే తోస్తుంది. 2016లో ‘స్కైరిమ్’ కొత్త ముద్రణ కన్సోళ్ల మీదా మోడ్‌లకు, అంటే ఆటగాళ్లు చేసే మార్పులకు, వీలిచ్చింది. ఎక్స్‌బాక్స్ మీద వాటికి 5 గిగాబైట్లు. ప్లేస్టేషన్-4 మీద 1 గిగాబైటే, అదీ బయటినుంచి కొత్త బొమ్మ, కొత్త చప్పుడు తేకుండా. కాలువ చివరి ఆయకట్టు రైతుకు ఈ లెక్క చెప్పనక్కర్లేదు. తూము ఎంత ఎత్తితే అంతే తడి. కంప్యూటర్ ఆటగాడికి సొంత బోరు ఉంది, దాని ఖర్చూ తంటా వాడివే.

ఆటలు చేసేవాళ్లకూ ఇదే తూము. 2009లో హైదరాబాదు అరోనా టెక్నాలజీస్ ప్లేస్టేషన్-2 కోసం ‘హనుమాన్: బాయ్ వారియర్’ చేసింది. పూర్తిగా భారతదేశంలో తయారై ఆ యంత్రానికి వచ్చిన మొదటి ఆట అది. అదీ సోనీ అనుమతితో, సోనీ చేతి మీదుగానే బయటికి రావాలి. అందులో ఒక పటం బాగోలేదనిపిస్తే రాయచూరులోనో విజయవాడలోనో ఉన్న పిల్లవాడు దిద్దుకునే దారి లేదు. తెలుగువాళ్లు చేసిన ఆటకు తెలుగు అభిమానులు చేర్పులు రాసే అవకాశం అలా పుట్టకముందే పోయింది.

మూసిన పెట్టెలను గట్టిగా తట్టి తెరిపించింది ఎక్కువగా దివ్యాంగులైన ఆటగాళ్లు. ఒక చెయ్యి మాత్రమే ఆడేవాడికి, వేళ్లు బిగుసుకుపోయేవాడికి మీటలు మార్చుకోవడం సరదా కాదు, ఆడగలగడమే దాని మీద ఉంది. 2015లో ప్లేస్టేషన్-4, ఆ తర్వాత ఎక్స్‌బాక్స్, 2020లో నింటెండో స్విచ్ యంత్రం మొత్తానికీ మీటలు మార్చుకునే వీలిచ్చాయి. 2018లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన అడాప్టివ్ కంట్రోలర్‌కు అరచేతంత మీటలు రెండు, వెనకాల 19 రంధ్రాలు. కాలితో నొక్కేదో, గడ్డంతో కదిపేదో, ఎవరికి ఏది వీలైతే అది అక్కడ తగిలించుకోవచ్చు. కోటాక్, సాండర్స్ చెక్కపెట్టెలకు ఇది నిజమైన వారసుడు.

మా జిల్లాలో ఇప్పుడు ఆటంటే ఫోను. పబ్జీ మూలం కూడా మోడే. బ్రెండన్ గ్రీన్ ‘ఆర్మా 2’ అనే కంప్యూటర్ ఆట మీద చేసిన మార్పుల నుంచి పెరిగి, 2018లో ఫోన్లకు చేరింది. 2020 సెప్టెంబరులో ప్రభుత్వం నిషేధించింది, 2021 జూలైలో బీజీఎంఐగా తిరిగొచ్చింది. అద్దం మీది మీటలు కాబట్టి ఎక్కడికైనా జరపవచ్చు, పెంచవచ్చు, పలచన చేయవచ్చు. రెండు బొటనవేళ్లతో మొదలుపెట్టినవాడు పోను పోను చూపుడువేళ్లను పైకి తెచ్చి నాలుగువేళ్ల క్లా పట్టుకు వస్తాడు. గైరోస్కోప్ పెట్టుకుంటే ఫోన్ వంపుతోనే గురి కుదురుతుంది. తన అమరికను ఒక కోడ్‌గా మార్చి దోస్తుకు పంపుతాడు. నెట్ సెంటర్ పెన్‌డ్రైవ్ చేసిన పని ఇప్పుడు వాట్సాప్ చేస్తోంది. కంప్యూటర్‌లో ఎమ్యులేటర్ పెట్టి మౌస్‌తో ఆడేవాళ్లను మాత్రం పబ్జీ వేరే గుంపులో పడేసేది. అందులో న్యాయం ఉందనే నా నమ్మకం, ఎందుకంటే ఎదుటివాడితో పోటీ అన్నప్పుడు నా స్వేచ్ఛ వాడి ఓటమి కాకూడదు.

కాని అమరికలన్నీ ఉండేది కంపెనీ సర్వర్లో. 2022 జూలైలో బీజీఎంఐ స్టోర్ల నుంచి మాయమై, మళ్లీ 2023 మేలో గాని రాలేదు. కొత్త ఫోన్ కొన్నవాడికి ఆ పది నెలలూ దాన్ని దించుకునే సరైన దారి లేకపోయింది. 1994లో ఎవరో పిల్లవాడు తన బడినో, ఇంటినో డూమ్‌లో గీసుకున్న వాడ్ ఫైల్ ఇవాళ కంప్యూటర్లో పెట్టినా తెరుచుకుంటుంది. ఎవరినీ అడగనక్కర్లేదు.