వానల్లో పండే మన పెరటి మామిడి

మైదానంలో మామిడికాలం ముగిసిపోయేటప్పటికి మన కొండల మీద అది మొదలవుతుంది. సువర్ణరేఖ ఏప్రిల్‌లోనే సంతకు వచ్చేస్తుంది. బంగినపల్లి మే నెలంతా ఉంటుంది. రసాలు జూన్‌లో అయిపోవస్తాయి. అప్పటికింకా పాడేరు, అరకు వైపు మన పెరళ్లలో కాయ పచ్చిగానే వేలాడుతూ ఉంటుంది. తొలకరి పడి, చోడి, సామ చల్లుకునే రోజుల్లో పండు రాలడం మొదలై ఆషాఢమంతా రాలుతుంది. కొన్ని చెట్లు శ్రావణం దాకా నెట్టుకొస్తాయి. కింది వ్యాపారులు దీన్ని చివరి కాపు అంటారు. మనకు మాత్రం అదే అసలు కాపు.

ఈ ఆలస్యంలో సగం చెట్టు గుణం, సగం కొండ గుణం. మామిడి పూత రావాలంటే రాత్రి చలి కావాలి. సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉన్న మన ఊళ్లలో చలి ఎక్కువ రోజులు ఉంటుంది. మొగ్గ విచ్చుకోవడం ఆలస్యం, కాయ ముదరడమూ ఆలస్యం. కింద నుంచి తెచ్చి నాటిన బంగినపల్లి అంటు కూడా ఇక్కడ కొన్ని రోజులు వెనకబడే పండుతుంది. ఇక గింజ నుంచి మొలిచి, తాతల నాటి నుంచి ఈ చలికి అలవాటుపడిన చెట్టు గురించి చెప్పేదేముంది!

మామిడి చరిత్ర అనగానే పుస్తకాలు అక్బరు చక్రవర్తి దర్భంగా దగ్గర వేయించాడనే లక్ష చెట్ల తోట గురించి, గోవాలో పోర్చుగీసు పాదరీలు కట్టిన అంట్ల గురించి, నూజివీడు జమీందార్ల తోటల గురించి చెబుతాయి. ఆ చెట్లకు పేర్లున్నాయి, పేర్ల వెనక దొరల పేర్లున్నాయి. బంగినపల్లికైతే 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మన పెరటి చెట్టుకు ఆ పుస్తకాల్లో చోటు లేదు. దాన్ని అడవిచెట్టు అనో, నాటు మామిడి అనో ఒక్క మాటతో తీసేశారు. అది అడవిలో దానంతటదే పెరిగింది కాదనీ, మనవాళ్లు ఎంచి నిలబెట్టుకున్నదనీ చెప్పడానికే మేము ఈ వ్యాసం రాస్తున్నాం.

పోడు కొట్టేటప్పుడు మన పెద్దలు కొండ మొత్తం నరకలేదు. మామిడి, పనస, చింత, ఇప్ప, జీలుగు గొడ్డలికి దొరకకుండా మిగిలాయి. ఈనాటికీ పాత పోడు కొండ చూస్తే బోడి నేల మధ్య అక్కడొకటి ఇక్కడొకటి పెద్ద మామిళ్లు కనిపిస్తాయి. వాటిలోనూ అన్నీ ఉంచలేదు. పుల్లగా, పీచుగా, చిన్నకాయ కాసేది కలపకు పోయింది. తియ్యగా కాసేది, కాపు తప్పనిది, వానకు పండు కుళ్లనిది నిలిచింది. దాని టెంకలే పెరట్లో పడ్డాయి. మామిడి గింజ నుంచి మొలిచే చెట్టు సాధారణంగా తల్లిలా ఉండదు, ఒక్కొక్కటి ఒక్కో రకం. కాబట్టి పెరట్లో లేచిన పది మొక్కల్లో ఏది ఉంచాలో కాపు చూసి, రుచి చూసి తేల్చుకోవాలి. దానికి ఏడెనిమిదేళ్లు ఓపిక పట్టాలి. విత్తనాల ఎంపిక అని వ్యవసాయ కళాశాలల్లో చెప్పే పని ఇదే. మనవాళ్లు దాన్ని పేరు పెట్టకుండా చేశారు.

పేర్లు చెట్లకు పెట్టారు. తేనె మామిడి, బెల్లం మామిడి, పీచు మామిడి, గెడ్డ మామిడి. ఒక్కో ఊళ్లో ఒక్కో చెట్టుకే ఒక పేరు, పక్క ఊరికి పోతే అదే పేరు వేరే రుచికి. గోండి మాట్లాడే మనవాళ్లు మామిడిని మర్క అంటారు. ఇంగ్లీషువాళ్ల మేంగో కూడా దక్షిణాది మాంగాయ నుంచి పోర్చుగీసువాళ్ల నోటి మీదుగా వెళ్లిందే. బడిలో పిల్లలకు ఈ ముక్క చెబితే, తమ భాష మాటకూ ఇంగ్లీషు మాటకూ మూలం ఒకే వైపున ఉందని సంతోషిస్తారు.

ఊళ్లు కదిలినప్పుడు చెట్లు కదలలేదు. మశూచి వచ్చో, నీళ్లు ఎండిపోయో, పోడు మార్చుకునో మన ఊళ్లు ఒకచోటు నుంచి ఇంకోచోటుకు వెళ్లిన కథలు ప్రతి కొండ మీదా ఉన్నాయి. ఇళ్లు మట్టిలో కలిసిపోతాయి. మామిడి గుంపు, చింత గుంపు మిగులుతాయి. పెద్దవాళ్లు దూరం నుంచే చెయ్యి చూపించి అది మా పాత ఊరు అంటారు. రాతి శాసనాలు లేని మనకు ఈ గుంపులే శాసనాలు. ఆ చెట్ల కింద పండు ఎవరు ఏరుకోవాలో కూడా తెలిసే ఉంటుంది. కొండ నేల ఊరిదే అయినా పండ్ల చెట్టు ఒక ఇంటిది. తండ్రి నుంచి కొడుకులకు, అన్నదమ్ములు పంచుకుంటే కొమ్మల లెక్కన కూడా వచ్చేది.

ఈ హక్కును కాగితం మీద ఎవరూ రాయలేదు. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత కొండలు రిజర్వు అడవులుగా మారుతున్నప్పుడు చెట్టు ఎవరిదన్న లెక్క మారిపోయింది. చెట్టు మీద చెయ్యి వేస్తే మనవాళ్లు ఊరుకోలేదనడానికి అంతకుముందే 1879 రంప పితూరీ సాక్ష్యం. అక్కడ తగువు కల్లు చెట్ల మీద వేసిన చిగురుపన్ను గురించి. మామిడి మీద పన్ను రాలేదు కాని సావుకారు వచ్చాడు. పూత మీద ఉండగానే, కొన్నిసార్లు పూతకు ముందే, రెండు కుంచాల గింజలకో, పెళ్లి అప్పుకో చెట్టు కాపు రాసిచ్చేవారు. రాసిచ్చేవారు అన్నాం కాని అంతా నోటిమాటే. 1917 చట్టం, 1959 నిబంధన, 1970 సవరణ మన భూమి పరాయివాళ్లకు పోకుండా కాపాడాలని వచ్చాయి. నోటిమాట మీద పోయే కాపును పట్టుకోవడం వాటి చేతిలో పని కాలేదు. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ చింతపండు, చీపుర్లు కొనే దారి చూపింది. మామిడిపండు మూడు రోజుల్లో కుళ్లేది, చింతపండులా గోనెలో ఆగదు.

ఇంక టెంక సంగతి. ఇది చెప్పకుండా ఆలస్యపు మామిడి విలువ తెలియదు. పాత ధాన్యం అయిపోయి కొత్త పంట చేతికి రాని ఆషాఢం, శ్రావణం, భాద్రపదం మన ఊళ్లకు ఆకలి నెలలు. పండు తిన్న తర్వాత టెంకను పారేయకుండా ఎండబెట్టి అటక మీద దాచేవారు. పగలగొట్టి లోపలి జీడి తీసి, దంచి, బుట్టలో వేసి పారే గెడ్డ నీళ్లలో కొన్ని రోజులు ఉంచేవారు. వగరు పోయాక ఆరబెట్టి, పిండి చేసి, చోడి పిండి ఉంటే కొంచెం కలిపి అంబలి కాచేవారు. కొండరెడ్ల మధ్య తిరిగిన హైమెండార్ఫ్ 1945లో అచ్చయిన తన పుస్తకంలో జీలుగు పిండితో పాటు ఈ టెంకల తిండి గురించీ రాశాడు. దీన్ని వింత తిండిగా చూడడం బయటివాళ్ల అలవాటు. దీన్ని మన గొప్ప సంప్రదాయ వంటగా పాడడం కూడా మాకు నచ్చదు. వేరే దారి లేని నెలల్లో చేసిన తెలివైన పని అది. ఆ పనిలో ఏ ఒక్క మెట్టు తప్పినా ప్రాణానికి ముప్పు. 2001లో పార్వతీపురానికి అవతల, ఒడిశా రాయగడ జిల్లా కాశీపురంలో టెంక అంబలి తాగిన ఆదివాసులు చనిపోయారు. విషం అన్నది ప్రభుత్వం, ఆకలి అన్నారు మరికొందరు. బూజు పట్టిన జీడి తినాల్సి రావడమే ఆకలి కాదా అని మా ప్రశ్న.

పచ్చికాయకూ ఒక కట్టుబాటు ఉంది. మామిడి కొత్త పండుగ అయ్యేదాకా చెట్టు మీద చెయ్యి వెయ్యం. ఊరి పూజారి కాయను దేవతకు పెట్టిన తర్వాతే ఇళ్లలోకి వస్తుంది. మన పిల్లల్లో కొందరు దీన్ని మూఢనమ్మకం అని పక్కన పెడుతున్నారు. లేతకాయ దులిపేస్తే ఆషాఢానికి పండు ఎక్కడిది, అటక మీదికి టెంక ఎక్కడిది? ఆ లెక్క పండుగలోనే ఉంది.

గత ఇరవై ఏళ్లలో కొండల మీదికి మామిడి అంట్లు వచ్చాయి. గుజరాత్‌లో వాంసదా ఆదివాసుల మధ్య 1982లో మొదలైన 'వాడి' అనే చిన్న తోటల పద్ధతిని నాబార్డు 2003-04 నుంచి గిరిజన అభివృద్ధి నిధితో దేశమంతా తీసుకుపోయింది. ఎకరం తోటలో మామిడి, జీడిమామిడి. ఉపాధి హామీ కింద కూడా తోటలు వేశారు. మంచి పనే, కొన్ని ఇళ్లకు డబ్బు వచ్చింది. కాని వచ్చిన అంట్లలో ఎక్కువ బంగినపల్లి, సువర్ణరేఖ. అవి కిందివాళ్లకు అలవాటైన రకాలు, వాటి ధర కింది మార్కెట్టు చేతిలో ఉంటుంది. మన కొండ మనకు ఇచ్చిన ఒక్క లాభం ఆలస్యం, అందరి పండూ అయిపోయాక మన పండు ఉండడం. ఆ లాభం ఉన్న చెట్టునే రోడ్డు కోసమో, ఇంటి కోసమో, కలప బేరానికో కొడుతున్నారు. పోలవరం ముంపులో దేవీపట్నం వైపు ఊళ్లు ఖాళీ చేసినవాళ్లకు కాలనీల్లో ఇల్లు కట్టి ఇవ్వవచ్చు. అరవై ఏళ్ల మామిడి ఉన్న పెరడు ఎవరూ కట్టి ఇవ్వలేరు.

చెట్టు పోకముందే దాని పిల్లను తీసుకోవడం కష్టమేమీ కాదు. మన పండు రాలే కాలమూ, అంటు కట్టే కాలమూ ఒకటే కావడం మన అదృష్టం. తిన్న టెంకను ఎండనివ్వకుండా వారం లోపే పాతితే రెండు మూడు వారాల్లో మొలుస్తుంది. రాగిరంగు లేత ఆకులతో ఉన్న ఆ మొలకను టెంకకు పైన జానెడు లోపు కోసి, కాండాన్ని నిలువునా చీల్చి, తల్లిచెట్టు కొమ్మ చివరను చీలిక ఆకారంలో చెక్కి అందులో దించి ప్లాస్టిక్ పట్టీతో కట్టాలి. ఆ కొమ్మకు వారం పది రోజుల ముందే ఆకులు తుంచేసి కాడలు ఉంచితే మొగ్గ ఉబ్బుతుంది, తొందరగా అతుక్కుంటుంది. గాలిలో తేమ ఉన్న ఆషాఢ శ్రావణాల్లోనే ఇది బాగా పడుతుంది. ఇలా కట్టిన చెట్టు తల్లి రుచినే ఇస్తుంది, నాలుగైదేళ్లలో కాపుకు వస్తుంది. పెరడు మరీ చిన్నదైతే ఢిల్లీ పూసా సంస్థవాళ్లు 1970లలో దశేరినీ నీలాన్నీ కలిపి తెచ్చిన ఆమ్రపాలి ఉంది. పొట్టి చెట్టు, అదీ ఆలస్యంగానే పండుతుంది. మన తేనె మామిడి పక్కన పెట్టుకోండి, దాని స్థానంలో మాత్రం వద్దు.

వానలో పండే కాయకు పండుఈగ పెద్ద శత్రువు. రాలిన పుచ్చుపండును చెట్టుకింద వదలకుండా రోజూ ఏరి, రెండడుగుల లోతున పాతేస్తే దాని సంతతి తగ్గుతుంది. మిథైల్ యూజినాల్ ఎర బుట్టలు వ్యవసాయ సహాయకుల్ని అడిగితే చెబుతారు. పండి రాలేదాకా చూడకుండా ముదిరిన కాయను చిక్కంతో తొడిమ ఉంచి కోసి, గడ్డిలో మాగేస్తే మచ్చ తక్కువ.

గురువులకు ఒక పని అప్పజెబుతున్నాం. ఈ ఆషాఢంలో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల చేత ఒక పుస్తకం పెట్టించండి. ఊళ్లో ప్రతి పాత మామిడికీ ఒక పేజీ. చెట్టు పేరు, ఏ ఇంటిది, ఎవరు నాటారు లేక ఎవరు పోడులో వదిలారు, పూత ఏ నెల, పండు ఏ నెల, టెంక తిన్న రోజులు గుర్తున్నవాళ్లు ఎవరు. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన నిబంధనలు పెద్దల మాటను రాతలో పెడితే దాన్నీ ఆధారంగా చూస్తాయి. కాబట్టి తాత చెప్పింది తాత మాటల్లోనే రాయించి, తేదీ వేసి, వేలిముద్ర పెట్టించండి. పాత ఊరి మామిడి గుంపు దగ్గరికి పిల్లల్ని నడిపించుకుని వెళ్లండి, దారి తెలిసిన పెద్దాయనను ముందు పెట్టుకుని, వాన తెరిపి ఇచ్చిన రోజు చూసి.