గతుకు రోడ్లపై స్పోర్ట్స్ కారు టైర్లు

స్పోర్ట్స్ కార్లకు సాధారణంగా వెడల్పైన, పక్కగోడ పొట్టిగా ఉండే టైర్లను అమరుస్తారు. వీటిని లో-ప్రొఫైల్ టైర్లు అంటారు. మలుపులలో ఇవి మంచి పట్టునిస్తాయి. కానీ గుంతలు, రాళ్ళు ఉన్న రోడ్లపై త్వరగా దెబ్బతింటాయి. అటువంటి రోడ్లపై నడిచే కారుకు టైర్లను ఎంచుకొనేటప్పుడు మన్నిక అనే మాటకు రెండు అర్థాలున్నాయని గమనించాలి. మొదటిది, త్వరగా అరిగిపోకుండా ఎక్కువ దూరం నడవడం. రెండవది, దెబ్బలను, కోతలను తట్టుకోవడం. మొదటి గుణమున్న టైరులో రెండవది కూడా ఉంటుందని చెప్పలేము.

నిర్మాణం

1946లో మిషెలిన్ సంస్థ పేటెంటు పొందిన రేడియల్ నిర్మాణమే నేటి కార్ల టైర్లన్నింటికీ ఆధారం. ఇందులో దారపు పొరలు టైరు ఒక అంచు నుండి మరొక అంచుకు అడ్డంగా సాగుతాయి. నేలను తాకే ట్రెడ్ భాగం క్రింద మాత్రమే ఉక్కు తీగల పట్టీలు ఉంటాయి. అందువలన ట్రెడ్ దృఢంగా ఉంటుంది. పక్కగోడలో మాత్రం సాధారణంగా ఒకటి లేదా రెండు దారపు పొరలే ఉంటాయి.

కారు గుంత అంచును వేగంగా తాకినపుడు పక్కగోడ రోడ్డుకూ, రిమ్ముకూ మధ్య నలిగిపోతుంది. లోపలి దారాలు తెగితే ఆ చోట టైరు బుడగవలె ఉబ్బుతుంది. ఉబ్బిన టైరు ఎప్పుడైనా పగిలిపోవచ్చు. దీనిని బాగుచేయడం సాధ్యం కాదు, మార్చవలసిందే.

కొలతలు

టైరుపై 225/45 ఆర్ 17 అని ఉంటే, 225 వెడల్పును మిల్లీమీటర్లలో తెలుపుతుంది. 45 అనగా పక్కగోడ ఎత్తు వెడల్పులో 45 శాతం. ఆర్ అనగా రేడియల్. 17 రిమ్ము వ్యాసం, అంగుళాలలో. ఈ క్రింది మూడు టైర్ల మొత్తం వ్యాసం దాదాపు సమానం, కానీ పక్కగోడ ఎత్తులో తేడా ఉన్నది.

* 225/40 ఆర్ 18: పక్కగోడ 90 మి.మీ., మొత్తం వ్యాసం 637 మి.మీ.
* 225/45 ఆర్ 17: పక్కగోడ 101 మి.మీ., మొత్తం వ్యాసం 634 మి.మీ.
* 225/50 ఆర్ 16: పక్కగోడ 112 మి.మీ., మొత్తం వ్యాసం 631 మి.మీ.

కావున రిమ్మును ఒకటి రెండు అంగుళాలు తగ్గించి, ఆ మేరకు పక్కగోడను పెంచడం గతుకు రోడ్లకు అన్నిటికంటే ప్రయోజనకరమైన మార్పు. అయితే చిన్న రిమ్ములో బ్రేకు భాగాలు ఇమడాలి. మొత్తం వ్యాసం ఎక్కువగా మారితే స్పీడోమీటరు తప్పు చూపుతుంది.

ఎంపికలో గమనించవలసినవి

* '''భార సూచిక:''' 91 అని ఉన్న టైరు 615 కిలోలు, 94 అని ఉన్నది 670 కిలోలు మోయగలదు. కారు తయారీదారు సూచించిన దానికంటే తక్కువ సూచిక గల టైరు వాడరాదు.
* '''వేగ సూచిక:''' వి అనే అక్షరం గంటకు 240 కి.మీ. వరకు అనుమతిని తెలుపుతుంది.
* '''ట్రెడ్‌వేర్ అంకె:''' అమెరికా ప్రమాణాల ప్రకారం ఒక నమూనా టైరును 100గా తీసుకొని ఈ అంకెను నిర్ణయిస్తారు. ఇది అరుగుదలను మాత్రమే తెలుపుతుంది, పక్కగోడ బలాన్ని కాదు.
* '''రన్‌ఫ్లాట్:''' దృఢమైన పక్కగోడ వలన గాలి పోయినా ఇవి సాధారణంగా గంటకు 80 కి.మీ. వేగంతో 80 కి.మీ. వరకు నడుస్తాయి. కానీ కుదుపులు ఎక్కువగా తెలుస్తాయి.
* '''ఐఎస్ఐ గుర్తు:''' భారతదేశంలో అమ్మే కార్ల టైర్లపై ఇది తప్పనిసరి.

ఉదాహరణలు

2022లో పోర్షె సంస్థ 911 డకార్ అనే కారును ప్రకటించింది. 1984 పారిస్-డకార్ ర్యాలీలో ఆ సంస్థ సాధించిన విజయానికి గుర్తుగా దీనికి ఆ పేరు పెట్టారు. మామూలు 911 కరేరా ముందు టైరు 235/40 ఆర్ 19 కాగా, డకార్‌కు 245/45 ఆర్ 19 అమర్చారు. అనగా పక్కగోడ 94 మి.మీ. నుండి 110 మి.మీ.కు పెరిగింది. ట్రెడ్ లోతు 9 మి.మీ., పక్కగోడను కూడా బలపరచారు. ఈ టైర్ల కారణంగా గరిష్ఠ వేగాన్ని గంటకు 240 కి.మీ.కు పరిమితం చేశారు. లంబోర్గిని సంస్థ అదే సంవత్సరం ప్రకటించిన హురకాన్ స్టెరాటోకు బ్రిడ్జ్‌స్టోన్ రన్‌ఫ్లాట్ టైర్లు అమర్చారు. దాని గరిష్ఠ వేగం గంటకు 260 కి.మీ. గట్టిదనం కోసం కొంత వేగాన్ని వదులుకొనక తప్పదని ఈ రెండు కార్లూ తెలుపుతున్నాయి.

గాలి ఒత్తిడి, సంరక్షణ

గాలి తక్కువైతే పక్కగోడ ఎక్కువగా వంగి వేడెక్కుతుంది, గుంతలో సులభంగా నలుగుతుంది. గాలి మరీ ఎక్కువైతే టైరు కుదుపును తనలో ఇముడ్చుకోలేదు, పట్టు కూడా తగ్గుతుంది. సరైన ఒత్తిడి సాధారణంగా డ్రైవరు తలుపు పక్కనున్న చీటీపై ఉంటుంది. టైరు చల్లగా ఉన్నప్పుడు కొలవాలి.

ట్రెడ్ గాళ్ళలోని అరుగుదల గుర్తులు 1.6 మి.మీ. ఎత్తులో ఉంటాయి. ట్రెడ్ వాటి మట్టానికి అరిగినపుడు టైరు మార్చాలి. పెద్ద గుంతలో పడిన తరువాత టైరు లోపలి పక్కగోడను కూడా పరీక్షించడం అవసరం. అక్కడి ఉబ్బు బయటికి కనిపించదు.

ఇవి కూడా చూడండి

* టైరు
* రేడియల్ టైరు
* డకార్ ర్యాలీ