నవజాత శిశువు స్నానం

పుట్టినది మొదలు 28 రోజుల లోపు బిడ్డను నవజాత శిశువు అంటారు. ఈ వయసు బిడ్డకు ఇంటివద్ద స్నానం చేయించడాన్ని తెలుగునాట లాల పోయడం అని వ్యవహరిస్తారు. ఇందులో శుభ్రత కంటే ముందు గమనించవలసినది శిశువు ఒంటి వెచ్చదనం.

మొదటి స్నానం

శిశువు బరువుతో పోల్చితే చర్మ వైశాల్యం ఎక్కువ, చర్మం క్రింద కొవ్వు తక్కువ. అందువలన తడి ఒంటి నుండి వేడి త్వరగా పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్గదర్శకాల ప్రకారం మొదటి స్నానాన్ని పుట్టిన తరువాత కనీసం 24 గంటల వరకు వాయిదా వేయాలి. ఒంటిపై కనిపించే తెల్లని జిడ్డు పూత మురికి కాదు. అది చర్మానికి రక్షణ. 2.5 కిలోగ్రాముల కంటే తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు స్నానం ఎప్పుడు మొదలుపెట్టాలో వైద్యులను అడిగి నిర్ణయించాలి.

విధానం

* గాలి వీచని వెచ్చని గదిలో తువ్వాలు, బట్టలు ముందే సిద్ధం చేసుకోవాలి.
* పాత్రలో మొదట చన్నీళ్ళు, తరువాత వేడినీళ్ళు పోసి కలపాలి. నీరు సుమారు 37 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. మోచేతితో తాకితే గోరువెచ్చగా అనిపించాలి.
* బొడ్డుతాడు ఊడేవరకు గోరువెచ్చని తడిగుడ్డతో తుడిస్తే చాలు. బొడ్డుపై నూనె, పసుపు, బూడిద వంటివి వేయరాదు.
* స్నానం కొద్ది నిమిషాలలో ముగించి, మొదట తలను, తరువాత ఒంటిని అద్ది తుడిచి, తల్లి ఒడికి చేర్చాలి.
* బిడ్డను నీటివద్ద క్షణమైనా ఒంటరిగా విడువరాదు.

ఆచారాలు

ఇంటి పెద్ద స్త్రీ పీటపై కూర్చొని, కాళ్ళు చాచి, వాటిపై బిడ్డను పడుకోబెట్టి నీళ్ళు పోయడం వాడుక. బిడ్డ జారకుండా, ముఖంపై ధార పడకుండా చూస్తే ఈ పద్ధతిలో దోషం లేదు. కొబ్బరినూనెతో మృదువుగా మర్దనా చేయవచ్చు. అయితే చెవులలో, ముక్కులో నూనె వేయడం ప్రమాదకరం. ముక్కులోని నూనె ఊపిరితిత్తులలోకి చేరవచ్చు. తల్లి హార్మోనుల వలన ఉబ్బిన రొమ్ములను పిండితే చీము పట్టవచ్చు. ఆ వాపు దానంతటదే తగ్గుతుంది. సున్నిపిండితో రుద్దితే లేత చర్మం ఒరుసుకుపోతుంది. సాంబ్రాణి పొగ శ్వాసకు ఇబ్బంది కలిగిస్తుంది.

ప్రమాద సూచనలు

స్నానం తరువాత పాదాలు, పొట్ట చల్లగా ఉంటే బిడ్డను తల్లి ఛాతీకి ఆనించి కప్పాలి. వెచ్చబడకపోయినా, పాలు త్రాగకపోయినా, బొడ్డు చుట్టూ ఎరుపు లేదా చీము కనిపించినా వెంటనే వైద్యశాలకు తీసుకొని వెళ్ళాలి.

ఇవి కూడా చూడండి

* తల్లిపాలు
* బొడ్డుతాడు
* బాలింత