‘కన్సైన్‌వ్యాలినెన్’: ఒక ఫిన్నిష్ సమాస విశేషణం – వ్యుత్పత్తి పరిశీలన

ఫిన్నిష్ భాషలో ‘అంతర్జాతీయ’ అనే అర్థాన్నిచ్చే విశేషణం ‘కన్సైన్‌వ్యాలినెన్’. ఇందులో పూర్వపదం ‘కన్సైన్’, ఉత్తరపదం ‘వ్యాలినెన్’. ‘కన్స’ అంటే ప్రజ, జనసముదాయం. దాని ప్రాచీన షష్ఠీ బహువచన రూపమే ‘కన్సైన్’. నేటి వ్యవహారంలో ‘కన్సొయెన్’ అనే రూపమే సాధారణం. వాడుక నుండి దాదాపు తొలగిన పాత రూపం సమాసంలో నిలిచిపోయింది. నానాజాతి సమితికి ఫిన్నిష్ పేరైన ‘కన్సైన్‌లీత్తొ’లోనూ ఇదే రూపం కనిపిస్తుంది. ‘వ్యాలి’ అంటే నడిమి ఎడం. దానికి ‘ఇనెన్’ అనే విశేషణ ప్రత్యయం చేరింది. కనుక సమాసార్థం ‘ప్రజాసముదాయాల నడుమ ఉన్నది’.

‘కన్స’ పదాన్ని భాషావేత్తలు జర్మానిక్ నుండి వచ్చిన ప్రాచీన ఆదానంగా పరిగణిస్తారు. గోథిక్‌లో ‘హన్స’ అంటే దండు, గుంపు. మధ్యయుగపు హన్సా వర్తక కూటమి పేరుకూ ఇదే మూలం. పదాది జర్మానిక్ హకార స్థానంలో కకారం ఉండటం ఈ ఆదానం ఎంతో పాతదని సూచిస్తుంది. పరాయి భాష నుండి వచ్చిన పదమే ఫిన్‌లాండ్‌లో స్వజన వాచకమైంది.

ఆంగ్లంలో ‘ఇంటర్నేషనల్’ పదాన్ని కల్పించినవాడు జెరెమీ బెంథామ్. 1789లో ప్రచురితమైన తన గ్రంథంలో ఆ పదం కొత్తదని ఆయనే పేర్కొన్నాడు. లాటిన్ ఉపసర్గతో ఏర్పడిన ఆ పదాన్ని యూరపులోని అనేక భాషలు స్వల్ప మార్పులతో స్వీకరించాయి. స్వీడిష్‌లో ‘ఇంటర్నషొనెల్’తో పాటు ‘మెల్లన్‌ఫొల్క్‌లిగ్’ అనే దేశిపదమూ ఉంది. దాని అవయవార్థం కూడా ‘ప్రజల నడిమి’ అనే. ఫిన్నిష్ మాత్రం దేశిపదాన్నే ప్రధానం చేసుకుంది.

తెలుగు మార్గం వేరు. ‘అంతర్జాతీయ’ సంస్కృత ఘటకాలతో ఏర్పడిన తత్సమం. ‘అంతర్’ శబ్దానికి ‘లోపల’, ‘నడుమ’ అనే రెండర్థాలూ ఉన్నాయి. ‘జాతి’ శబ్దం పుట్టుకను, కులాన్ని, జీవవర్గాన్ని, జాతీయ సముదాయాన్ని కూడా సూచిస్తుంది. వాడుక బలమే ఇక్కడ అర్థాన్ని నిర్ణయిస్తుంది. ఫిన్నిష్ పదంలో ఆ పనిని చాలావరకు అవయవాలే చేస్తాయి.

అయితే ‘జాతుల మధ్య’ అనే తెలుగు పదబంధపు నిర్మాణం ఫిన్నిష్ సమాసానికి సన్నిహితమైనది. రెండింటిలోనూ ముందు షష్ఠ్యర్థక బహువచనం, తరువాత ‘నడుమ’ అనే అర్థం గల పదం. 1856లో కాల్డ్వెల్ ద్రావిడ భాషలకు, ఫిన్నిష్ వంటి భాషలకు చుట్టరికాన్ని ప్రతిపాదించాడు. ఇటువంటి నిర్మాణసామ్యం ఆ చుట్టరికానికి రుజువు కాదు. ఉపసర్గలకు బదులు పరపదాలను వాడే భాషల్లో ఇది సహజం. ఈ పోలిక నిరూపించేది మరొకటి: తెలుగు తత్సమాన్ని ఎన్నుకోవటానికి వ్యాకరణ దారిద్ర్యం కారణం కాదు. ‘జాతుల మధ్య’ను విశేషణంగా మలచే సాధనం ‘నడిమి’ వంటి పదాల్లో ఉండనే ఉంది. ఆ ఎన్నికకు కారణాలను పదకల్పన చరిత్రలో, పండితుల అభిరుచిలో వెదకవలసి ఉంటుంది.