ఆసుల జత ఎందుకు ఓడిపోతుంది?

పోకర్ ఆడేవాళ్ళు తరచుగా అనే మాట ఒకటుంది: "నాకు ఆసుల జత వచ్చిందంటే ఓడిపోయినట్టే." మొదట చేతికి వచ్చే ముక్కల్లో ఆసుల జతను మించింది లేదు. మరి అదే ఎందుకు ఓడిపోతుంది? దీనికి జవాబు మా దక్షిణ కాలిఫోర్నియా చరిత్రలో కొంత ఉంది, లెక్కల్లో కొంత ఉంది. గుళ్ళో సేవ చేసే మనిషికి పేకాటతో పనేమిటని అడగకండి. పని ఉంది, చెబుతాను.

ముందు మాటలు నేర్చుకుందాం. నా చదువంతా ఇంగ్లీషు మీడియంలోనే. కానీ పేకాట మాటలు నాకు తెలుగులోనే వచ్చాయి, ఎందుకంటే పండగలకు మా మేనమామలు రమ్మీ ఆడుతుంటే పక్కన కూర్చునేవాణ్ణి. పెద్ద ముక్కలు: ఆసు, రాజు, రాణి, జాకీ. నాలుగు గుర్తులు: ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు. ఒకే విలువ ఉన్న రెండు ముక్కలు జత. ఆట మధ్యలో మానుకుంటే ముక్కలు పడేయడం. ఎవరూ త్వరగా ముక్కలు పడేయకుండా, ఏం వచ్చినా డబ్బు పెట్టి చూసే ఆటను ఇక్కడ లూజ్ గేమ్ అంటారు.

ఇక కథ. లాస్ ఏంజెలెస్ పక్కన గార్డీనా అనే ఊరు ఉంది. 1936లో ఎర్నీ ప్రిమ్ అనే వ్యాపారి అక్కడ ఒక పేకాట క్లబ్బు తెరిచాడు. కాలిఫోర్నియా చట్టం స్టడ్ పోకర్‌ను పేరుపెట్టి నిషేధించింది. డ్రా పోకర్ పేరు మాత్రం ఆ జాబితాలో లేదు. ఆ సందులోంచే గార్డీనా ఎదిగింది. తరవాత అక్కడ ఆరు క్లబ్బులు నడిచాయి. క్లబ్బు తాను ఆట ఆడదు. కుర్చీలో కూర్చున్నందుకు అరగంటకు ఇంత అని అద్దె తీసుకునేది.

ఆ డ్రా పోకర్‌లో మనిషికి ఐదు ముక్కలు. నచ్చనివి ఇచ్చి వేరేవి తీసుకోవచ్చు. మొదటి పందెం వెయ్యాలంటే కనీసం జాకీల జత ఉండాలి అనేది అక్కడ బాగా నడిచిన నియమం. జోకరు లేని పేకలో అలాంటి ముక్కలు సుమారు ఐదుసార్లకు ఒకసారి వస్తాయి. అంటే మంచి ముక్కలు వచ్చేదాకా ఆగు అనే బుద్ధిని ఆ నియమమే చెప్పేది.

ఈలోగా టెక్సస్‌లో హోల్డెమ్ అనే ఇంకో పోకర్ పెరిగింది. దాని పుట్టిల్లు రాబ్స్‌టౌన్ అని 2007లో టెక్సస్ శాసనసభ గుర్తించింది. 1963లో అది లాస్ వేగస్ చేరింది. ఇందులో మనిషికి రెండే ముక్కలు. బల్ల మీద అందరికీ కలిపి ఐదు. 52 ముక్కల్లోంచి రెండు ముక్కలు 1,326 రకాలుగా రావచ్చు. వాటిలో ఆసుల జతలు ఆరు. అంటే 221 సార్లకు ఒకసారి. 1976లో డేవిడ్ స్క్లాన్‌స్కీ హోల్డెమ్ మీద ఒక పుస్తకం రాసి, మొదటి రెండు ముక్కల్ని బలాన్ని బట్టి వర్గాలుగా విడదీశాడు.

1987లో హోల్డెమ్ కాలిఫోర్నియాలో చట్టబద్ధమైంది. మా దగ్గర చిన్న పందేల ఆటల్లో ఒక్కో విడతకు పందెం ఎంతో ముందే నిర్ణయించి ఉండేది. మూడు డాలర్లంటే మూడే. ఆసుల జత ఉన్నవాడు పెంచినా ఇంకో మూడు డాలర్లే కదా అని ఏడెనిమిది మంది ఉండిపోయేవారు. ఆ ఫిర్యాదుకు ఇక్కడ బలం వచ్చింది.

లెక్క చూడండి. అవతలివాళ్ళు ఏ ముక్కలు వచ్చినా పడేయకుండా చివరిదాకా ఉన్నారనుకుందాం. ఒక్కరే ఉంటే ఆసుల జత నూటికి 85 సార్లు గెలుస్తుంది. నలుగురుంటే 56. ఎనిమిది మంది ఉంటే 35 మాత్రమే. అంటే ఫిర్యాదు నిజమే! మూడింట రెండుసార్లు ఓటమే.

కానీ డబ్బు లెక్క వేరు. ప్రతివాడూ వంద డాలర్లు పెట్టాడనుకోండి. ఒక్కరితో ఆడితే మధ్యలో 200. అందులో 85 శాతం 170. నేను పెట్టిన వంద తీసేస్తే సగటున 70 మిగులుతుంది. ఎనిమిది మందితో ఆడితే మధ్యలో 900. అందులో 35 శాతం 315. వంద తీసేస్తే 215. తక్కువసార్లు గెలిచినా ఎక్కువ డబ్బు. నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా ముఖ్యమనిపించింది ఇదే. లూజ్ గేమ్‌లో మంచి ముక్కలకు లాభం పెరుగుతుంది, మనశ్శాంతి తగ్గుతుంది.

1994లో లీ జోన్స్ ఇలాంటి చిన్న పందేల ఆటల కోసమే ఒక పుస్తకం రాశాడు. గుంపులో ముక్కల విలువ మారిపోతుంది. వేర్వేరు గుర్తుల ఆసు, రాజు సాధారణంగా ఒక్క జతనే ఇస్తాయి. ఆరుగురి మధ్య ఒక్క జత చాలకపోవచ్చు. ఒకే గుర్తు తొమ్మిది, ఎనిమిది గుంపులో కాస్త విలువ తెచ్చుకుంటాయి. ఆసుల జతతో మాత్రం మొదట్లోనే పందెం పెంచాలి. తరవాత బల్ల మీద ఒకే గుర్తు ముక్కలు మూడు పడి, ఇద్దరు పోటాపోటీగా పందెం పెంచుతుంటే, వాటిని పడేయడం కూడా తెలియాలి.

2003లో క్రిస్ మనీమేకర్ ఇంటర్నెట్‌లో చిన్న పోటీ గెలిచి, లాస్ వేగస్ పెద్ద పోటీలో 839 మందిలో మొదటివాడై 25 లక్షల డాలర్లు తీసుకున్నాడు. ఆ తరవాత పందేనికి పరిమితి లేని ఆట ఊరూరా పాకింది. అందులో పెద్ద పందెం వేసి గుంపును తగ్గించవచ్చు. కానీ ఒక్క ఓటమిలో ముందున్న డబ్బంతా పోవచ్చు.

మన వైపు కూడా ఇదే వాదన నడిచింది. సికింద్రాబాదు క్లబ్బు ఒకదాని మీద పెట్టిన కేసులో, 1967 నవంబరులో సుప్రీంకోర్టు రమ్మీని నైపుణ్యం ఉన్న ఆట అంది. పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి అని కారణం చెప్పింది. మూడు ముక్కలాట మాత్రం ఉత్త అదృష్టమే అంది. అయినా ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. నైపుణ్యం ఉన్నంత మాత్రాన ఇల్లు క్షేమంగా ఉంటుందని ఆ ప్రభుత్వాలు అనుకోలేదన్నమాట.

ఇప్పుడు నా పని చెబుతాను. మా గుడి వంటశాలలో నాతో పులిహోర కలిపే పెద్దాయన ఒకరున్నారు. నేను అన్నగారూ అంటాను, ఆయన నన్ను తమ్ముడూ అంటారు. వారానికి మూడు రోజులు పేకాటకు వెళతారు. ముక్కల ఎంపికలో ఆయన్ని తప్పుపట్టలేం. కానీ ఆసుల జత ఓడిపోయిన రాత్రి ఆయన ఇంటికి రారు. పోయింది తిరిగి తెచ్చుకోవాలని తెల్లవార్లూ చెత్త ముక్కలతో కూర్చుంటారు. "మీ మాట వింటారు, కాస్త చెప్పండి" అని వదినగారు నన్ను అడిగారు.

నేను నీతి చెప్పలేదు. పైన రాసిన లెక్క కాగితం మీద వేసి చూపించాను. "మూడింట రెండుసార్లు పోవడం మామూలే అన్నగారూ. అది కోపం తెచ్చుకోవాల్సిన విషయం కాదు, లేచి ఇంటికి రావడానికి అడ్డమూ కాదు" అన్నాను. ఆయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. ఇంకా ఆడుతున్నారు. కానీ ఇప్పుడు రాత్రి పదింటికి లేచి వస్తున్నారని వదినగారు చెప్పారు.

మీ ఇంట్లో పేకముక్కల్ని ఏ పేర్లతో పిలిచేవారు? అమ్మమ్మను, తాతయ్యను అడిగి తెలుగులోనే రాయండి. రెండు వాక్యాలైనా చాలు.