కట్టమంచివారి రాజకీయము

కట్టమంచి రామలింగారెడ్డిగారి పేరు చెప్పినంతనే తెలుగు చదివినవారికి స్ఫురించునది సాహిత్యవిమర్శ. చిత్తూరు సీమవారమైన మాకు ఆయన పొరుగువారు గూడ. మా పాకాలలో రైలెక్కినచో చిత్తూరు ఎంతో దూరము లేదు. అయినను వారి రాజకీయమును గూర్చి మాటలాడువారు అరుదు. ఏ కక్షకును కడదాక కట్టుపడనివానిని ఏ కక్షయు తనవాడని చెప్పుకొనదు. నేడు మీకు విన్నవింపబూనినది ఆ మరుగుపడిన భాగమును గూర్చియే.

ఆయన 1880 డిసెంబరు 10న కట్టమంచిలో జన్మించిరి. మదరాసు క్రైస్తవ కళాశాలలో చదువుచున్న కాలముననే ‘ముసలమ్మ మరణము’ అను కావ్యమును వ్రాసిరి. అనంతపురమునకు చేరువనున్న బుక్కరాయసముద్రపు చెరువు తెగబోవగా, ఊరిని కాపాడుటకై ఒక రెడ్డి యింటి కోడలు ప్రాణము లర్పించిన కథ యది. నాయిక పల్లెటి ఇల్లాలు. కథ మరణముతో ముగియును. కావ్యము మంగళాంతము కావలెనని చదువుకొన్న మావంటి సంప్రదాయపు పండితులకు ఇది మింగుడుపడదు. 1914లో వచ్చిన ‘కవిత్వతత్త్వవిచారము’ మరింత దుమారము లేపెను. పింగళి సూరనను తలకెత్తుకొని, తక్కిన ప్రబంధకవులను ఆయన తూలనాడిన తీరు నాకు నేటికిని సమ్మతము కాదు. వసుచరిత్రను వల్లె వేసి ఆనందించినవానికి ఆ తీర్పు కఠినముగానే తోచును. అయినను అడిగిన ప్రశ్న న్యాయమైనది. పెద్దలు చెప్పినందున మంచిదా, మనుష్యుని బుద్ధికిని హృదయమునకును నచ్చినందున మంచిదా? ఈ ప్రశ్ననే ఆయన పిమ్మట శాసనసభలోనికి తీసికొనిపోయిరి.

అంతకు ముందు కేంబ్రిడ్జిలో చరిత్ర చదివి, అచ్చటి విద్యార్థుల యూనియను సభకు ఉపాధ్యక్షులైరి. తీర్మానమును బలపరచువారును ఎదిరించువారును బహిరంగముగా వాదించుకొను ఆచారము గల సభ యది. స్వదేశమునకు వచ్చి బరోడాలోను మైసూరులోను అధ్యాపకత్వము నెరపి, మైసూరు సంస్థాన విద్యాశాఖకు ప్రధానాధికారి యైరి. పంచములని దూరముంచబడిన బాలురను సర్కారు బడులలో తక్కిన పిల్లలతోపాటు చేర్చుకొనవలెనని పట్టుబట్టినది ఆ కాలముననే. బడిలో ఎవరి ప్రక్కను ఎవరిని కూర్చుండబెట్టుదుమన్నది ఎంత పెద్ద రాజకీయమో పల్లెలలో పంతులుగిరి చేసినవానికి తెలియును. వేదికలమీది ఉపన్యాసము దానికంటె సులభము.

ఇక శాసనసభ సంగతి. 1919 నాటి చట్టముచేత మదరాసు రాజధానిలో ద్వంద్వప్రభుత్వ మేర్పడెను. పోలీసు, భూమిశిస్తు, ఖజానా గవర్నరు చేతిలో నుండగా, విద్య, ఆరోగ్యము, స్థానిక స్వపరిపాలనము మంత్రుల కప్పగించిరి. 127 మంది సభ్యులలో ఎన్నికైనవారు 98 మంది, తక్కినవారు నియమితులు. 1920 ఎన్నికలలో గెలిచినది జస్టిస్ పక్షము. బ్రాహ్మణేతరులకు చదువును ఉద్యోగములును దక్కవలెనన్న దాని కోరిక ధర్మమైనదే. రెడ్డిగారును ఆ పక్షమున చేరిరి. 1921లో ముఖ్యమంత్రి యైన పానగల్లు రాజా రామరాయణింగారు 1866లో శ్రీకాళహస్తిలో పుట్టినవారు. కాళహస్తికిని కట్టమంచికిని నడిచిన వాదమును మదరాసు సభ వినవలసి వచ్చెనన్నమాట!

నాయకత్వము నిరంకుశమగుచున్నదనియు, ప్రజల యిక్కట్లు దాని చెవికెక్కుట లేదనియు కొందరితో కలిసి రెడ్డిగారు పక్షమును వీడిరి. రెండవ ఎన్నికలు ముగిసిన వెంటనే, 1923 నవంబరు 27న మంత్రివర్గముపై అవిశ్వాస తీర్మానమును ప్రతిపాదించిరి. ఆ సభలో అట్టి తీర్మానమునకు అదియే మొదలు. అనుకూలముగా 44, ప్రతికూలముగా 65 వోట్లు వచ్చినవి, తీర్మానము వీగిపోయెను. అన్నము పెట్టిన యింటికి ద్రోహము చేసెనని నాడు అనుకొన్నవారుందురు. పానగల్లు రాజా సామాన్యుడు కాడు; దేవాలయముల ధర్మాదాయములను ప్రభుత్వపు అదుపులోనికి తెచ్చిన చట్టము ఆయన కాలపుదే. సదుద్దేశము గల ప్రభుత్వమును గూడ నిలదీయవచ్చునా అన్నదే చిక్కు. నా మట్టుకు నాకు, అట్టి ప్రభుత్వమునే ముందుగా నిలదీయవలెనని తోచును; చెడ్డదానిని నిలదీయుటకు ఎందరైనను దొరకుదురు.

ఒకప్పుడు పులికాటులో కోట కట్టి వర్తకము చేసిన వలందావారి, అనగా డచ్చివారి, దేశములో ఇట్టి మరియొక విద్వాంసుడు కలడు. లైడెను విశ్వవిద్యాలయపు ఆచార్యుడు తోర్బెకె. 1848లో ఆ దేశమునకు వచ్చిన రాజ్యాంగమునకు రూపమిచ్చినది ఆయనయే. మంత్రులు రాజునకు గాక సభకు జవాబుదారు లన్నది దాని మూలసూత్రము. 1853లో పోపు అచ్చట కథోలిక పీఠములను తిరిగి నెలకొల్పగా ప్రొటెస్టెంటులు పెద్ద అలజడి చేసిరి. తోర్బెకె స్వయముగా కథోలికుడు కాడు. అయినను ఏ మతమువారి ఏర్పాటు వారిదే, ప్రభుత్వమునకు పనిలేదని నిలిచి, రాజు అలజడివారి విన్నపమును మన్నించుట చూచి మంత్రిపదవిని వదలుకొనెను. మదరాసు మంత్రులకు అట్టి రాజ్యాంగమును లేదు, రెడ్డిగారికి అట్టి బలమును లేదు. పోలిక అంతవరకే.

పదవిని వదలుట రెడ్డిగారికిని తప్పలేదు. 1926లో బెజవాడలో ఆంధ్ర విశ్వవిద్యాలయము వెలసినపుడు ప్రథమ ఉపాధ్యక్షులు ఆయనయే. 1930లో ఉప్పు సత్యాగ్రహము వచ్చెను. సత్యాగ్రహులపై లాఠీలు లేచినవి, జైళ్లు నిండినవి. దొరతనమువారి ఈ దమననీతికి నిరసనగా ఆయన రాజీనామా చేసిరి. తాను పెంచుచున్న విద్యాలయము ఇంకను పసిబిడ్డ. దానిని విడిచిపోవుట ఎంత కష్టమో ఊహింపుడు. తరువాత ఆ పీఠమెక్కినవారు, చిన్ననాట తిరుపతిలో చదివిన సర్వేపల్లి రాధాకృష్ణగారు.

1936లో రెడ్డిగారు తిరిగి ఆ పదవికి వచ్చిరి. కాంగ్రెసు మంత్రివర్గము 1937 మొదలు 1939 వరకు పాలింపగా, దానిని విమర్శించుచు 1940లో ఆంగ్లమున ఒక గ్రంథమునే ప్రకటించిరి. జస్టిస్ పక్షము, దొరలు, కాంగ్రెసు, మూడింటితోను తగవే! 1942లో మాత్రము అదే దొరతనమువారి ‘సర్’ బిరుదమును స్వీకరించిరి. దేశమంతయు క్విట్ ఇండియా యని కదలిన సంవత్సరమది. 1930 నాటి రాజీనామాను మెచ్చినవారికి ఈ బిరుదము గ్రుచ్చుకొనక మానదు, నాకును గ్రుచ్చుకొన్నది.

ఆ యేడే ఏప్రిలులో జపానువారు విశాఖపట్టణముపై బాంబులు వేయగా విశ్వవిద్యాలయము గుంటూరునకు తరలిపోయెను. యుద్ధానంతరము మరల వాల్తేరు చేరెను. రెడ్డిగారు 1949 వరకు దాని నడిపి, 1951 ఫిబ్రవరి 24న కాలధర్మము చెందిరి. వివాహము చేసికొనలేదు. కట్టమంచి నేడు చిత్తూరు పట్టణములో కలిసిపోయినది.